పొంగే రాయి

నిమ్మచుక్క పడగానే రాయి పొంగుతుంది.

సన్నటి నురుగు... చిన్న చిటపట... ఆ తర్వాత ఏమీ లేదు.

పొంగితే సున్నపురాయి. పొంగకపోతే ఉత్త రాయి. బట్టీ యజమాని ఆత్మారాంకు ఇరవై ఏళ్లుగా ఇదే పరీక్ష.

ఎడపల్లి నల్లరేగడిలో జానెడు లోతున ఉంటాయి ఆ తెల్ల గడ్డలు. నాగలికి తగులుతాయి. రైతుకు అడ్డం, ఆత్మారాంకు సరుకు. బట్టీలో బొగ్గుతో పేర్చి మూడు రోజులు కాలుస్తాడు. నూరు మణుగుల రాయి పెడితే అరవైకి లోపే సున్నం దిగుతుంది.

తక్కినది గాలి. రాయిలో దాగి ఉన్న గాలి.

ఆ సున్నం కొంత బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతుంది, చెరకు రసంలో మురికి విరగడానికి. కొంత గోడలకు. గోడ మీద ఆరుతూ ఆరుతూ, పోగొట్టుకున్న గాలిని మళ్లీ తీసుకుని, సున్నం తిరిగి రాయి అవుతుంది.

పోయింది తిరిగి వస్తుంది.

ఆత్మారాంకు ఈ లెక్క ఇష్టం.

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. చెరకు బండ్లు బోధన్ దారి పట్టిన నెల. ఒక పొద్దున బట్టీ పక్కన గుంటలో సున్నపు పెళ్లలు వేశారు. లింగవ్వ కడవతో నీళ్లు పోస్తోంది. ఆమె మొగుడు పోశన్న పారతో కలుపుతున్నాడు. గుంట బుసకొట్టింది.

"మా సేటు లెక్కనే లింగీ. జర కదిలిస్తె సాలు, గరమైతది," అన్నాడు పోశన్న.

లింగవ్వ నవ్వింది. ఆత్మారాం కూడా నవ్వాడు.

ఒక పెళ్ల పేలి సున్నం ఎగజిమ్మింది.

పోశన్న రెండు కళ్లూ మూసుకుని కూలబడ్డాడు.

లింగవ్వ చంకలో నిండు కడవ ఉంది. మొగుడి కళ్ల మీద వంచబోయింది.

ఆత్మారాం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పొయ్యకు లింగవ్వా. నీళ్లు తగిలితె ఉడుకుతది."

ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు — నీళ్లు పడితే సున్నం ఉడకడం. ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఆముదం పోశారు. గుడ్డ కట్టారు. చెరకు దింపి వెళ్తున్న లారీ ఆపి నిజామాబాద్ తీసుకుపోయారు. దవాఖాన వరండాలో డాక్టర్ ఒక్కటే అడిగాడు. నీళ్లతో కడిగారా? వెంటనే, కడవలకు కడవలు, ఆపకుండా పోసి ఉంటే చూపు కొంతైనా దక్కేదన్నాడు.

లోపల మంచం మీద ఉన్న పోశన్నకు ఆ మాట వినబడలేదు.

లింగవ్వకు వినబడింది.

ఆమె ఆత్మారాం వైపు చూసింది. ఆ మాట పోశన్నకు ఆ రోజూ చెప్పలేదు... ఆ తర్వాత ఎన్నడూ చెప్పలేదు.

పోశన్న కళ్లు తెల్లబడ్డాయి. ఆరిన సున్నంలా.

ఆ ఏడు కాల్చిన సున్నం ఎన్నో గోడల మీద మళ్లీ రాయి అయింది. పోయిన గాలి తిరిగి వచ్చింది.

పోయిన చూపు...

ఇప్పుడు పోశన్న బట్టీ దగ్గర రాళ్లు ఏరుతాడు. అరచేతిలో బరువు చూస్తాడు. నిమ్మచుక్క పిండి చెవి దగ్గర పెట్టుకుంటాడు.

డాక్టర్ అన్న మాట చెప్పాలని ఆత్మారాం రోజూ వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. నోరు తెరుస్తాడు. రాళ్లు ఎట్లా ఉన్నాయని అడుగుతాడు.

"ఆనాడు నువ్వు చెయ్యి పట్టకపోతె, మా ఆడిది నా కండ్లు ఉడకవెట్టేది సేటూ," అంటాడు పోశన్న, నవ్వుతూ.

గుంట గట్టున లింగవ్వ. చంకలో నిండు కడవ.

పోశన్న నిమ్మబద్ద పిండాడు. రాయిని చెవికి ఆనించుకున్నాడు.

సన్నటి నురుగు... చిన్న చిటపట...

"మంచిదే సేటూ."