అప్పకు చెప్పాల్సిన మాటలు

కస్తూరి ఆస్ట్రేలియా అడవిలో నడిచి తిరిగొచ్చాక, మలేసియాలోని ఆమె ఊరు తెలుక్ ఇంటాన్‌లో అందరూ పాముల గురించే అడిగారు. ఒక పాము కనిపించిందనీ, దాని దారిన అది పోయిందనీ చెప్పి నవ్వేసేది. అసలు సంగతి చెప్పుకోవడానికి ఆమెకు ఒక్క మనిషే ఉన్నాడు. ఆదివారం కారు తీసుకుని ఆయన ఊరు బాగన్ దాతుక్ బయల్దేరింది.

ఆయన దొరసామి, ఆమె బావ. ఆయన భార్య, అంటే కస్తూరి అక్క సింహాచలం చనిపోయి ఏడాది దాటింది. వాళ్ల ఇంట్లో అక్కను అప్ప అంటారు. చిన్నప్పుడు ఎస్టేట్ బడిలో తమిళ పిల్లలు, అప్పా అంటే నాన్న కదా, నీకు ఆడ నాన్న ఉందా అని కస్తూరిని ఏడిపించేవారు. పెళ్లి చేసుకోని కస్తూరి ఒక క్లినిక్‌లో మందులిచ్చే పని చేసి రిటైరయింది. ఇన్నేళ్లూ బయట మలయ్, తమిళం. రోజూ సాయంత్రం అప్పకు ఫోన్ చేసినప్పుడే తెలుగు. అప్ప పోయాక ఆ ఫోనూ లేదు, ఆ మాటా లేదు.

కొండలెక్కడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. పెర్త్‌లో నర్సుగా ఉన్న అప్ప కూతురు రుబిని దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి అడవుల గుండా వారాల తరబడి సాగే కాలిబాట ఒకటుందని తెలిసింది. అందులో ఒక ముక్క నడుస్తానంది.

"ఒంటరిగానా చిన్నమ్మా? వేండాం లా!" అని తమిళంలో వద్దంది రుబిని. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. కానీ పిన్ని మొండితనం తెలిసిందే కనక, తనే కారులో అడవి అంచున దింపి వెళ్లింది.

ఆ అడవి మలేసియా అడవిలా కాదు. తడి లేదు, జలగల్లేవు. ఎర్రనేల మీద జర్రా చెట్లు ఎడంఎడంగా నిలబడి ఉంటాయి, గాలికి ఎండిన బెరడు రాలుతూ ఉంటుంది. చెట్లకు కొట్టిన పసుపు గుర్తులు చూసుకుంటూ పోవాలి. రాత్రికి మూడు గోడల రేకుల షెడ్డు, వాననీళ్ల ట్యాంకు. మొదటి రెండు రోజులు మనిషి కనపడలేదు. పర్వాలేదనుకుంది. వీపు మీద బరువు, కాళ్ల కింద దారి, తలలో ఏ ఆలోచనా లేదు.

మూడోనాడు ఒక దిగుడులో గుండ్రటి కంకర మీద కాలు జారింది. బరువుతో సహా కూలబడింది. "ఓలమ్మో! అప్పా, సూడే!" అని నోటి నుంచి వచ్చేసింది.

ఆ కేకకు కొమ్మ మీది నల్ల కాకతువా చిలకలు లేచిపోయాయి. మోచేయి చీరుకుపోయింది, అంతే. కానీ ఆమె లేవలేదు. తన గొంతులో ఆ మాట విని చాలా కాలమైంది. ఇంకోసారి అంది. తర్వాత ఏడ్చింది. ఏడ్చాక లేచి నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. రుబిని ఇల్లు ఎలా ఉందో, రుబిని కొడుకు అన్నం చూస్తే ఎలా మొహం తిప్పుకుంటాడో, ఊళ్లో తను పనిచేసిన క్లినిక్ పక్కన కొత్త హోటల్ ఎవరు పెట్టారో, అన్నీ అప్పకు చెప్పింది. దారి అయిపోయేదాకా చెబుతూనే ఉంది. చివర్న రుబిని కారు కనబడినప్పుడు, ఇంకో రోజు నడక ఉంటే బాగుండుననిపించింది.

ఇదంతా ఆమె బావకు వాళ్ల భాషలోనే చెప్పింది. అరుగు మీద కూర్చుని దొరసామి కొబ్బరి తోట వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఏటైనా పలికిందా మీ అప్ప?"

"లేదు బావా."

"నాకూ పలకదు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పొద్దున్నే గట్టు మీద నడిసినప్పుడల్లా మాటాడతాను. మోటార్‌సైకిల్ మీద పోయే కుర్రోళ్లు ముసలాడికి పిచ్చి అనుకుంటారు. పోనీలే."

కస్తూరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బావ కూడా అప్పతో మాట్లాడతాడని ఆమెకు ఇన్నాళ్లూ తెలీదు.

"ఆ దారి ఇంకా మిగిలుందేటి?"

"శానా ఉంది. నేను నడిసినాది సిన్న ముక్కే."

"అయితే మళ్లీ ఎల్లు. ఇక్కడ గట్టు మీద జనం ఎక్కువైపోనారు, గట్టిగా సెప్పలేకపోతన్నాను. అక్కడైతే ఎవురూ ఉండరు గదా. నా మాట కూడా సెప్పు."

"ఏటి సెప్పమంటావు?"

ఆయన ఆలోచించాడు. వెనక రంబుతాన్ చెట్టు ఈసారి కాయలేదని చెప్పమన్నాడు. ఆమె కుట్టుమిషన్ ఎవరికీ ఇవ్వలేదని చెప్పమన్నాడు. మోకాలు నొప్పి తగ్గింది, బెంగపడొద్దని చెప్పమన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. చారులో తను ఎంత చింతపండు వేసినా ఆమె చేతి రుచి రావడం లేదనీ, ఎందుకో కనుక్కోమనీ అన్నాడు.

మళ్లీ వెళ్లగలనో లేదోనని కస్తూరి అనలేదు. "ఇంకా?" అని అడిగింది.