చెంప ఆనే చోటు

జింకల వేట సోమవారం మొదలవుతుందంటే ముందు శనివారం నా తుపాకుల కొట్లో కాలు పెట్టే సందుండదు. తూటాలు కావాలని ఒకడు, దుర్భిణి బిగించమని ఒకడు, ఊరికే నా కాఫీ తాగిపోదామని పదిమంది. అలాంటి రోజున పాత తుపాకీకి విలువ కట్టమని ఎవరైనా వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ శనివారం యూరిక్ వాళ్ళింటి పిల్లలిద్దరూ సరిగ్గా ఆ పని మీదే వచ్చారు.

పిల్లలంటే పిల్లలేం కాదు. క్లిఫర్డ్‌కి యాభై దాటాయి, చెల్లెలు నాడీన్‌కీ యాభై దగ్గర పడ్డాయి. వాళ్ళ నాన్న ఆండ్రూ నా స్నేహితుడు, వేసవిలో పోయాడు. ఇల్లూ ట్రక్కూ మాటా మాటా రాకుండానే పంచుకున్నారు. తుపాకీ దగ్గర మాత్రం పీటముడి పడింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు అది. సైన్యం తనకు అక్కర్లేని సరుకు అమ్మేసిన రోజుల్లో వాళ్ళ తాత కొన్నాడు. నాడీన్‌కి అది కావాలి. సరైన విలువ కట్టి అందులో సగం తనకిమ్మంటాడు క్లిఫర్డ్. బడి వంటగదిలో పనిచేసే నాడీన్ అంత ఇచ్చుకోలేదు. అంటే నేను పెద్ద అంకె చెబితే తుపాకీ పరాయి వాడి గోడెక్కుతుంది.

"ఇంటర్నెట్‌లో చూశాను బాబాయ్, ఇలాంటిదే మూడువేల ఐదొందల డాలర్లకి పోయింది," అన్నాడు క్లిఫర్డ్. కూర్చోమంటే కూర్చోడు. తలుపు దాకా వెళ్తాడు, వస్తాడు, ఫోను చూస్తాడు. పిట్స్‌బర్గ్‌లో ఇన్నేళ్ళుండి ఆ తొందర బాగా వంటబట్టించుకున్నాడు.

"కుదురుగా ఉండవయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని కసిరి తుపాకీ సంచీ విప్పాను. బోల్టు వెనక్కి లాగి తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని చూసుకున్నాను. తర్వాత తుపాకీని చూశాను.

"ఏ కసాయి వెధవ చేశాడ్రా ఈ పని!" అనేశాను. ఇది ఆండ్రూ తుపాకీ అని ఆ తర్వాత గుర్తొచ్చింది.

మాట వెనక్కి తీసుకోను. ముందువైపు కొయ్య సగానికి కోసేశారు. భుజానికి ఆనే మడమ దగ్గర రెండు వేళ్ళ మేర కోసి రబ్బరు దిండు తగిలించారు. దుర్భిణి కోసం పైన ఇనుముకి బెజ్జాలు వేశారు.

"కొయ్యంటే మార్చుకోవచ్చు. ఇనుముకి బెజ్జం పడ్డాక సేకరించేవాడు ముట్టుకోడు. మూడొందలు. అదీ ఎవరైనా వేటగాడు మనసు పడితే," అన్నాను.

"మూడొందలా!" క్లిఫర్డ్ మొహం ఎర్రబడింది. "తాత బంగారంలా దాచుకున్న దాన్ని నాన్న ఎందుకు కోశాడు? ముద్దుల కూతురి భుజానికి అందాలనేగా!"

"అవును, నాకోసమే. అయితే ఏంటంట?" అంది నాడీన్. గొంతు గట్టిగానే ఉంది కానీ చూపు బల్ల మీద ఉంది.

అంకె చెప్పేశాను, నా పని అయిపోయింది. తుపాకీ సంచీలో పెట్టి పంపేస్తే సరిపోయేది. కానీ నా బొటనవేలు కొయ్య మీద ఒకచోట ఆగిపోయింది. చెంప ఆనే చోట వాల్‌నట్ చెక్క ఒకటి అతికించి, నున్నగా దిండులా చెక్కాడు ఆండ్రూ. అతుకు గోటికి కూడా తగలడంలేదు. కసాయి పని కాదది. పైగా ఆ దిండు కుడివైపు ఉంది.

నాడీన్ కుడిచేతి మనిషి. కుడి భుజానికి పెట్టేవాళ్ళ చెంప తుపాకీకి ఎడమవైపు ఆనుతుంది. తలెత్తాను. క్లిఫర్డ్ ఎడమచేత్తో ఫోను పట్టుకుని ఎడమ బొటనవేలితో గబగబా నొక్కుతున్నాడు.

చెప్పాలా, మింగేయాలా? తుపాకీని అటు తిప్పాను, ఇటు తిప్పాను. చెబితే ఈ పిల్ల నోటి దగ్గర కూడు తీసినట్టే. చెప్పకపోతే పోయినవాడికి ద్రోహం. ఎవడో వచ్చి తూటాలడిగితే వాడి మీద అరిచాను.

"ఏంటి బాబాయ్, ఇంకా ఏం చూస్తున్నావ్?" అన్నాడు క్లిఫర్డ్.

"ఒకసారి భుజానికి పెట్టు. అదిగో, ఆ గోడవైపు."

"నాకొద్దు. నేను తుపాకీ ఎందుకు మానేశానో ఊరందరికీ తెలుసు."

తెలుసు. కొండ మీద మా వేట క్యాంపుల్లో ఒక ఆనవాయితీ ఉంది. జింకని గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి గోడకి మేకు కొడతారు, సీజనంతా ఏడిపిస్తారు. పన్నెండేళ్ళ క్లిఫర్డ్ ఎవరిదో తుపాకీ అరువు తెచ్చుకుని మొదటిరోజే తప్పాడు. కత్తెర పట్టింది ఆండ్రూయే. పిల్లాడు ఏడ్చుకుంటూ కొండ దిగాడు, మళ్ళీ ఎక్కలేదు.

"పెట్టమంటున్నానా!" అన్నాను.

విసుగ్గా అందుకున్నాడు. అలవాటుగా ఎడమ భుజానికే పెట్టుకుని తల వంచాడు. చెంప వెళ్ళి ఆ చెక్క మీద సరిగ్గా కూర్చుంది. ఇప్పుడతని చేతులకి తుపాకీ పొట్టిదే, అయినా కూర్చుంది. అప్పటిదాకా నిలవని మనిషి కదలడం మానేశాడు.

"ఇది..." అన్నాడు.

"నీదే," అంది నాడీన్. "నువ్వు గురి తప్పింది ఆ అరువు తుపాకీ నీకు కుదరకేనని నాన్నకి తర్వాత తెలిసింది. ఆ చలికాలమంతా గరాజులో కూర్చుని దీన్ని చెక్కాడు. మళ్ళీ ఏడాది నువ్వు రానన్నావ్."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్పే మనిషేనా? నాకు వయసొచ్చాక నా చేతికిచ్చాడు. ఆ చెంప దిండు ఊడదీసి నాకు కుదిరేలా ఎడమవైపు పెడతానని ప్రతి ఏడూ అనేవాడు. మెడ పట్టేసేది నాకు. అయినా వద్దనేదాన్ని."

"ఎందుకే?"

"తీసేస్తే నువ్వింక రావని ఆయన ఒప్పుకున్నట్టవుతుందని." నాడీన్ కళ్ళు తుడుచుకుంది. "నాకోసం చేశాడని అబద్ధమాడాను. నిజం చెబితే నీదైపోతుంది. నాకు కావాలి అన్నయ్యా."

క్లిఫర్డ్ చెంప ఎత్తలేదు. కొయ్య మీదకి నీళ్ళు జారుతున్నాయి. ఇంకోరోజైతే తడి తగలనివ్వకని అరిచేవాణ్ణి.

కాసేపటికి తుపాకీ దించి, చొక్కా చేతితో కొయ్య తుడిచి, చెల్లెలి ముందు పెట్టాడు.

"నువ్వే ఉంచుకో, నాకేమీ ఇవ్వొద్దు. సోమవారం ఒక్క పూట అరువిస్తావా?"

"తప్పితే చొక్కా కోస్తారు మరి," అంది నాడీన్. "ఈసారి కత్తెర నా చేతిలో ఉంటుంది."

"నాన్న చొక్కా ఏదైనా ఉంటే ఇవ్వు," అన్నాడు క్లిఫర్డ్. "అదే వేసుకొస్తాను."