పన్నెండో చెంచా

ఆల్గోట్ సైకిలు గొలుసుకు నూనె పెడుతూ దగ్గాడు. ఎస్కిల్‌స్టునా ఊళ్ళో కత్తులకు సానపట్టే వాళ్ళందరూ అలాగే దగ్గుతారు. రాతిపొడి రొమ్ములో కాపురం పెడుతుంది. నలభై దాటిన బక్క మనిషి. పడి లేచిన మోకాళ్ళ నిండా నల్లమచ్చలే.

"దేవుడి రోజున కూడా నీకు చక్రాలే దేవుళ్ళు. ఆ రోడ్డు మీదే చస్తావు," అంది అక్క టెక్లా, కాఫీ గింజలు మరలో విసురుతూ. ప్రతి పందెం నాడూ ఇదే సుప్రభాతం.

అతడు ఎన్నడూ గెలిచిన పాపాన పోలేదు. సరస్సు చుట్టూ తిరిగే ఈ పందెంలో గడువులోగా చేరినవాడికల్లా ఒక వెండి చెంచా ఇస్తారు. అలాంటివి పదకొండు తెచ్చాడు. ఆదివారం సంపాదించిన పాపిష్టి వెండి అని టెక్లా వాటిని సొరుగులో పడేసింది. డజను నిండితే బల్ల మీద పెడతాలే అని ఒకసారి వెటకారమాడింది. అతడు ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాడు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ తాగే ఆ ఇంట్లో చెంచాతో పనే లేదు. అయినా తన కష్టం ఒక్కసారి ఆ బల్ల మీద కనబడాలని అతని కోరిక.

పోటీదారులను ఒక్కొక్కరినే ఎడం పెట్టి వదిలారు. క్లబ్బు పెద్ద రోస్వాల్ అతని వీపుకు నంబరు గుడ్డ కుడుతూ, ఈ ముసలాడి కోసం ఆసుపత్రి బండి సిద్ధం చేయాలేమో అని అందరికీ వినబడేలా అన్నాడు. కుర్రకారు దుమ్ము రేపుకుంటూ దాటిపోయారు. ఒకడు పక్కకు ఉమ్మాడు. ఆల్గోట్ వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ తొక్కాడు.

సాయంత్రం ఊళ్ళోకి వచ్చాక, గమ్యం కనుచూపు మేరలో ఉండగా రాళ్ళబాట మీద చక్రం జారి పడ్డాడు. గడువు ఇంకా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ప్రార్థన నుంచి వస్తున్న టెక్లా అది చూసింది. తమ్ముణ్ణి తాను తిట్టాలి గానీ వీళ్ళెవరు? గుంపును తోసుకొచ్చి అతని చంకలో చెయ్యి వేసింది.

"వద్దక్కా, ముట్టుకోకు!"

అప్పటికే లేపేసింది. సైకిలు కూడా ఎత్తి చేతికిచ్చింది. దారిలో ఎవరి సాయమూ పొందకూడదన్న నియమం ఊరంతటికీ తెలుసు. పందెం వైపు ఏనాడూ కన్నెత్తి చూడని టెక్లాకే తెలియదు. రోస్వాల్ వచ్చి అతని వీపు మీది గుడ్డ పీకేశాడు.

"నా తమ్ముణ్ణి లేపితే నీకేం పోయింది?" అంది టెక్లా.

"నాకేం పోలేదమ్మా. వాడి చెంచా పోయింది."

ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చారు. ఆల్గోట్ బూట్లు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూలబడ్డాడు. వచ్చే ఏడు చూద్దాంలే అక్కా అన్నాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి రోస్వాల్‌ను, క్లబ్బును, రోడ్డును, చివరికి అతణ్ణి తిట్టింది. ముట్టుకుంటే పోతుందని ముందే చెప్పి ఏడవొచ్చుగా అంది.

కాఫీ పోసి, సొరుగు లాగింది. నల్లబడిన వెండిని వంటగుడ్డతో విసురుగా తుడిచి, బల్ల మీద వరసగా పేర్చింది. ఒకటి అతని సాసర్లో పెట్టింది.

"డజను కాకపోతే పోయింది. తాగు, చల్లారిపోతోంది."

దగ్గు వినబడలేదు. అప్పుడు తల తిప్పి చూసింది. అతని గడ్డం కదలని రొమ్ముకు ఆని ఉంది. చీరుకుపోయిన చెయ్యి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. దాని పక్కనే, సాసర్లో, తడి తగలని చెంచా.