ఎక్కడ ఆగిందో చూడాలి

పొద్దున్నే స్టవ్ కట్టేసి గుమ్మం దాకా వచ్చిన మనిషి మళ్ళీ వెనక్కి వెళ్ళి సిలిండర్ రెగ్యులేటరు తిప్పి చూసుకుంది. బయట బండి మీద కూర్చున్న మొగుడు అది చూడనే చూశాడు. "నీ చాదస్తంతో చచ్చిపోతున్నా" అన్నాడు. పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో ఆ మాట ఆమెకి ఇంటిపేరైపోయింది. కూతురి స్కూలు సంచి రెండోసారి చూస్తే చాదస్తం. అత్తగారి మాత్రలు ఏ పూటవి ఆ పూటకి విడదీసి డబ్బాల్లో పెడితే చాదస్తం. ఒక్క పూట మాత్ర తప్పిందంటే మాత్రం, ఇంట్లో ఆడమనిషి ఉండి ఏం లాభం అనేవాళ్ళు.

మామూలు రోజైతే విని ఊరుకునేదే. ఆ రోజు మాత్రం బండి వెనక కూర్చున్నంతసేపూ ఆ మాట చెవిలో గుయ్యిమంటూనే ఉంది. పదకొండింటికి ఓనరు గదిలో మీటింగు. అక్కడ ఆమె ఏం చెప్పాలో మొగుడు ముందురోజే చెప్పి ఉంచాడు. తప్పు నాదే అనాలి, అంతే.

ఇద్దరిదీ ఒకటే పని చోటు. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చలి ఎంత ఉందో కనిపెట్టి చెప్పే పెట్టెలు చేసే చిన్న కంపెనీ. ఆయన వర్కుషాపు ఇన్‌చార్జి. ఆమె ఇంజనీరు. ఆ పెట్టె లోపల అరచేతంత లినక్సు బోర్డు, అంటే ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. అది నడవడానికి కావలసిన సరుకంతా ఒకే పెద్ద ఫైలుగా మూట కట్టి ఉంటుంది, దాన్ని ఇమేజ్ అంటారు. ఆ ఇమేజ్‌ని బోర్డు మీదున్న, కరెంటు పోయినా రాసింది చెరగని ఫ్లాష్ చిప్పులోకి ఎక్కించాలి. ముందు బోర్డు మెమరీలోకి తెచ్చుకుని, అక్కడి నుంచి ఫ్లాష్‌లో రాయాలి. చిక్కల్లా ఏమిటంటే ఇమేజ్ రెండువందల ఎంబీ, మెమరీ అరవై నాలుగే. ఎలా పడుతుంది? కంపెనీలో మగవాళ్ళు నలుగురూ వారం రోజులు తలలు పట్టుక్కూర్చున్నారు. ఈమె ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుంటూ ఆలోచించి, ఇమేజ్‌ని ఐదు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కా తెచ్చుకోవడం, ఫ్లాష్‌లో రాయడం, దాని పక్కన తర్వాతి ముక్క. పని జరిగింది. ఆ సాయంత్రం ఓనరు ఆమె మొగుడి భుజం తట్టాడు. "మావాడి బుర్రే బుర్ర" అని అత్తగారు నాలుగిళ్ళలో చెప్పుకుంది. ఆమె ఆ పూట అందరికీ టీ పెట్టింది.

ఆ పనిలో ఒక మెలిక ఉంది. ఫ్లాష్ చిప్పులో కొన్ని గళ్ళు పుట్టుకతోనే పాడై వస్తాయి. ఏ చిప్పులో ఏ గడి పాడో ఎవరూ చెప్పలేరు. రాసేటప్పుడు యంత్రం ఆ గడిని దాటేసి పక్క గడిలో రాసుకుపోతుంది. అంటే ముక్క అనుకున్న చోట ఆగదు, కాస్త అవతలికి జరుగుతుంది. తర్వాతి ముక్కని కూడా అంత జరిపి మొదలుపెట్టకపోతే దీని తల దాని తోక మీద పడి రెండూ పాడవుతాయి. అందుకే ఆమె రాసిన కాగితంలో ప్రతి ముక్క కిందా ఒక మాట రాసింది: ఎక్కడ ఆగిందో చూడాలి, తర్వాతిది అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆయన ఆ కాగితం తీసుకుని చక్కగా టైపు చేయించాడు. ఆ మాట ఐదుచోట్లా కొట్టేశాడు. ప్రతి ముక్కా ఎక్కడ మొదలవ్వాలో లెక్క కట్టిన అంకెలు పెట్టి, అడుగున తన పేరు వేసుకున్నాడు. వర్కుషాపులో నలుగురు అమ్మాయిలు ఎక్కించేవాళ్ళు, వాళ్ళ ముందు ఆ కాగితం అంటించాడు. ఇలా చేస్తే గళ్ళు పాడైన బోర్డులు ఆగిపోతాయని ఆమె చెప్పింది. ఇరవై బోర్డులు ఎక్కించా, అన్నీ లేచాయి, ఇంట్లో చాలదా నీ చాదస్తం, అన్నాడు. రెండోసారీ చెప్పింది. మూడోసారి చెబితే గొడవ. గొడవంటే మూడు రోజులు మాటలుండవు, కంచం ముందుకు తోసి లేచిపోవడం ఉంటుంది, ఏమన్నావే వాణ్ణి అని అత్తగారి ఆరా ఉంటుంది. అది తలుచుకుని ఊరుకుంది. ఊరుకున్నందుకు తర్వాత తనని తానే తిట్టుకుంది.

రెండువందల నలభై పెట్టెలు కొన్నవాళ్ళకి వెళ్ళాయి. మొదట అన్నీ బాగానే లేచాయి. పాడైన తోక చదవాల్సిన పని పడేదాకా బోర్డుకి తెలియదు. ఆ పని పడ్డ రోజున ఒక్కొక్కటే బిగుసుకుపోయింది. రెండు నెలల్లో అరవై. ఎవరి తప్పో తేల్చడానికి ఓనరు మీటింగు పెట్టాడు.

"నువ్వు ఒప్పుకుంటే పావుగంటలో అయిపోతుంది" అని ముందురోజు మొగుడు నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఆడవాళ్ళని ఎవరూ ఏమీ అనరట. తప్పు తనదైతే ఇన్‌చార్జి పని పోతుందట. పైగా పద్ధతి ఆమెదే కాబట్టి తప్పూ ఆమెదేనట. మెచ్చుకున్న రోజున పద్ధతి ఎవరిది అని ఆమె అడగబోయింది. అడగలేదు. కంపెనీ చేయబోయే కొత్త పెట్టెని మొదటి నుంచి చివరిదాకా ఆమె చేతికే ఇస్తానని ఓనరు మాటిచ్చి నెల కాలేదు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో తనదీ అని చెప్పుకునే పని అదొక్కటే దొరికింది. ఒప్పుకుంటే అది పోతుంది. ఆ సంగతి మొగుడికీ తెలుసు. తెలిసే అడిగాడు. అదే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

పదకొండింటికి ఓనరు గదిలో ముగ్గురే. బల్ల మీద టైపు కాగితం. ఓనరు కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు.

"పద్ధతి నీదని మీ ఆయన చెప్పాడు. తప్పు నీదేనా అమ్మా?"

నోటి దాకా వచ్చింది అవునండీ అని. పదహారేళ్ళ అలవాటు. పాలు పొంగినా అవునండీ నాదే, పిల్లకి జ్వరమొచ్చినా అవునండీ నాదే. అనేస్తే గది చల్లబడుతుంది, ఆయన ఊపిరి పీల్చుకుంటాడు, ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు.

"కాదు సార్" అంది.

ఇంకో ముక్క అనలేదు. కాగితం ఎవరు మార్చారో చెప్పలేదు, వేలు చూపించలేదు. ఓనరు కాగితం అడుగున ఉన్న పేరు చూశాడు. మొగుడు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఓనరు నవ్వాడు, మొగుడూ పెళ్ళాలు ఇంట్లో తేల్చుకోవాల్సింది నా నెత్తికి తెచ్చారే అన్నాడు. ఎవరి తప్పైతేనేం, పెట్టెలన్నీ వెనక్కి తెప్పిస్తున్నానన్నాడు. సరిగ్గా ఎక్కించడం ఆమెకే వచ్చు కాబట్టి రెండువందల నలభైకీ ఆమే కూర్చోవాలి. కొత్త పెట్టె సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. ఆయన ఇన్‌చార్జి పనికి ఏమీ కాలేదు.

నిజం చెప్పినందుకు వచ్చింది అదీ. అబద్ధం చెప్పి ఉంటే కూడా ఇదే చాకిరీ వచ్చేదేమో అనుకుని, ఆమె అమ్మాయిల పక్కన బల్ల ముందు కూర్చుంది. మొదటి బోర్డుకి కేబులు తగిలించింది. ఎక్కడ ఆగిందో ఎలా చూడాలో వాళ్ళకి చూపించింది. ఒకమ్మాయి నోట్సు రాసుకుంటూ, ఇది కాగితంలో ఎందుకు లేదు మేడమ్ అని అడిగింది. అది మీ సార్‌ని అడగాలమ్మా అంటూ రెండో ముక్క మొదలుపెట్టింది.

సాయంత్రం ఆయన బండి ముందే వెళ్ళిపోయింది. బస్సులో నిలబడి ఇల్లు చేరేసరికి కబురు ఆమెకన్నా ముందే చేరింది. ఆయన తలుపేసుకుని గదిలో ఉన్నాడు. అత్తగారు కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"కట్టుకున్నవాడి తప్పు పరాయివాళ్ళ ముందు చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందే?"

ఆమె చెప్పులు విడిచి పక్కకి పెట్టింది.

"ఆయన తప్పని నేను చెప్పలేదు అత్తయ్యా. నాది కాదని చెప్పాను."

"రెండూ ఒకటే కదే."

"ఒకటి కావు అత్తయ్యా. ఒకటే అనుకోబట్టి ఇన్నేళ్ళు ఈ ఇంట్లో కాపురం చేశాను."