కదలకుండానే తాగిన కారు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. చలి సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు చేరితే మా లోయ మీద మబ్బు నిలవదు. తూర్పు కొండ అంచున సన్నటి ఎర్రగీత, మిగతాదంతా నీలం. ఇళ్ల పొగ నిట్టనిలువుగా లేచి ఆగిపోయినట్టుంది. ఆవులకు మేత వేసి బయటికొచ్చి, కొట్టం గోడకు తగిలించిన రెండు చిన్న మీటర్ల ముందు నిలబడ్డాను.

ఆ మీటర్లు పెట్టింది నా పంతం కోసమే.

నా భార్య తోర్గున్ ఇరవై రెండేళ్లుగా పట్నంలోని వృద్ధాశ్రమంలో పని చేస్తోంది. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. మా పాత పెట్రోలు కారు ఆ నెల తనిఖీలో తప్పింది. అడుగంతా తుప్పు. సోమవారం నుంచి అది రోడ్డెక్కకూడదు. వాడిన కార్లు రెండు అమ్మకానికి దొరికాయి. తోర్గున్ వాళ్ల అన్న ఐలిఫ్ దగ్గరున్న పెట్రోలు కారు డెబ్బై వేల క్రోనర్లు. బడి టీచరు సున్నీవ ఎలక్ట్రిక్ కారు లక్షా పదిహేను వేలు.

"మళ్లీ పెట్రోలు కారే అయితే నేను పని మానేస్తా" అంది తోర్గున్. "రోజూ మొదటి గంట జీతం బంకులో పోసి రావడం నావల్ల కాదిక."

ఆమె ఊరికే అనే మనిషి కాదు. ఆ ముసలివాళ్లను వదిలి ఇంట్లో కూర్చుంటే ఆమె ఎలా అయిపోతుందో నాకు తెలుసు. అయినా నలభై ఐదు వేల తేడా కళ్లముందు కనబడుతుంటే నోరు ఊరుకోలేదు.

"కరెంటేమన్నా ఊరికే వస్తుందా? ఆ కారు ఒక్క రాత్రిలో ఎంత తాగుతుందో కొలిచి చూపిస్తా. అప్పుడు మాట్లాడు."

ఎలక్ట్రీషియన్ స్టైనార్ దగ్గర మీటరు అడిగితే డబ్బాలో రెండున్నాయి. శుక్రవారం తోర్గున్ సున్నీవ కారు అడిగి తీసుకుని పనికెళ్లి, నాలుగింటికి తిరిగొచ్చింది. దానికి ఒక మీటరు పెట్టాను. రెండోది తోర్గున్ తీసుకుని పాత కారు తీగకు పెట్టింది.

"దానికెందుకు?" అన్నాను.

"ఖాళీగా ఉంది కదా, ఉండనీ."

మా వైపు చలికాలంలో పెట్రోలు కారుకు కూడా కరెంటు తీగ ఉంటుంది. ఇంజనుకొక హీటరు, సీట్ల దగ్గర ఇంకొకటి. లేకపోతే పొద్దున అది మూలగను కూడా మూలగదు. సాయంత్రం కారు ఆగగానే, బూట్లయినా విప్పకముందే మా నాన్న ఆ తీగ తగిలించేవాడు. నేనూ అంతే. పెళ్లాంతో తీపి మాటలు మాట్లాడే అలవాటు మా ఇంట్లో మగవాళ్లకు లేదు. తీగ తగిలిస్తాం. తెల్లారి ఆమె వెచ్చటి సీట్లో కూర్చుంటుంది. అందులో అన్నీ ఉన్నాయనుకునేవాణ్ని. అందుకే ఆ శుక్రవారం పాత కారు ఎక్కడికీ వెళ్లకపోయినా దానికీ తీగ తగిలించాను. శనివారం దాన్ని విడిభాగాల కోసం ఐలిఫ్ తీసుకెళ్లాలి.

నేను మీటర్ల ముందు నిలబడి ఉండగానే ఐలిఫ్ మంచు తొక్కుకుంటూ వచ్చాడు.

"ఎంత తాగింది బావా, మా చెల్లెలి బడాయి కారు?"

"ఇరవై ఏడు యూనిట్లు."

"చెప్పలా? తాగుబోతు" అని నవ్వాడు. "మరి మన ముసల్ది?"

నేను మళ్లీ చూశాను. కనురెప్పల మీద మంచు పేరుకుంటే తుడుచుకుని ఇంకోసారి చూశాను.

"ఇరవై తొమ్మిది."

నవ్వు అతని ముఖం మీదే ఆగిపోయింది. "మీటరు చెడిపోయుంటుంది."

నేనూ అదే అనుకున్నాను. వంటింట్లోంచి నీళ్లు కాచే కెటిల్ తెచ్చి ఒక మీటరుకు పెట్టి మరిగించాను. ఆ నీళ్లు పారబోసి, అన్నే నీళ్లు పోసి రెండోదానికి పెట్టాను. రెండూ ఒకే లెక్క చూపించాయి. ఐలిఫ్ చేతులు జేబుల్లో పెట్టుకుని కారునూ తీగనూ మార్చి మార్చి చూశాడు. ఎలక్ట్రిక్ కారు పట్నం వెళ్లొచ్చి ఇరవై ఏడు తాగింది. పాతది కొట్టం గోడ పక్కన నిలబడే ఇరవై తొమ్మిది తాగింది. అది కదలాలంటే పెట్రోలు మళ్లీ వేరే పోయాలి.

లోపలికెళ్లి స్టైనార్‌కి ఫోన్ చేశాను. తోర్గున్ పొయ్యి దగ్గర పాలు కలుపుతోంది.

"హీటర్లు ఎన్నింటికి వేశావు?" రెండు లెక్కలూ విని అన్నాడు స్టైనార్.

"నాలుగింటికి."

"పొద్దున నాలుగింటికా?"

"సాయంత్రం."



"హాల్వర్, ఎంత చలైనా మూడు గంటలు చాలు. ఇంజను వేడెక్కాక నువ్వు కాచేది కొండగాలిని. ఎన్నాళ్లనుంచి ఇట్లా?"

ఫోన్ పెట్టేసి బల్ల దగ్గర కూర్చున్నాను. నాన్న, ఆయన తర్వాత నేను. ఎన్ని చలికాలాలో లెక్కపెట్టబోయి మానేశాను. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా పాలు పితికే యంత్రాన్ని తిట్టేవాణ్ని. ఆమె కోసం చేస్తున్నాననుకున్న ఒక్క పనే ఇన్నాళ్లూ ఆమె జీతాన్ని కొరుకుతూ వచ్చింది.

ఐలిఫ్ టోపీ తీసి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "మా ఇంట్లోనూ నాలుగింటికే వేస్తాను" అన్నాడు మెల్లగా.

"నీకు ముందే తెలుసా?" అని తోర్గున్‌ని అడిగాను.

"తెలీదు. ఇంత అని అసలు అనుకోలేదు." గరిటె ఆపి కిటికీలోంచి గోడ మీద తీగను చూసింది. "నాతో పనిచేసే పట్నంవాళ్లు పొద్దున కారు అద్దం మీది మంచు గీక్కుంటూ వణికేవాళ్లు, నేను మాత్రం కోటు విప్పి నడిపేదాన్ని. అందరికీ గొప్పగా చెప్పుకున్నాను."

నేను లేచి సున్నీవకు ఫోన్ చేశాను. కారు మేమే తీసుకుంటున్నామని, సోమవారం పొద్దున్నే డబ్బు పంపుతానని చెప్పాను. ధర గురించి ఒక్క మాట కూడా బేరమాడలేదు. ఐలిఫ్ వింటూనే ఉన్నాడు.

"నీ కారు బేరం ఆగిపోయింది బావా, ఏమనుకోకు" అన్నాను.

"నన్నడిగితే నేనే కొనను దాన్ని, ఇప్పుడు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తోర్గున్ గిన్నె దింపుతూ నా వైపు చూడకుండా అంది: "ఈ కారుకూ సాయంత్రం తీగ నువ్వే తగిలించాలి. ఆ పని నాకు రాదు, నేర్చుకోను."

మా వైపు శనివారమంటే పాలలో ఉడికించిన అన్నమే. మధ్యలో వెన్న ముద్ద, మీద పంచదార, దాల్చినచెక్క పొడి. వెన్న కరిగి చుట్టూ పసుపు గుంటలా నిలిచింది. ముగ్గురం అంచుల నుంచి లోపలికి తింటూ వచ్చాం.