ఇద్దరు మర్యాదస్తుల మధ్య నా క్యాబేజీ

ఇన్నేళ్లూ మా క్యాబేజీకి వంతెన దగ్గర నరకమే. మేకాంగ్ నదికి ఇవతల మా లావోస్ వాళ్లు దింపించి చూసేవారు, అవతల థాయ్ వాళ్లు మళ్లీ దింపించేవారు. సంతకు చేరేసరికి సగం ఆకులు ఊడిపోయేవి. ఇకనుంచి రెండు దేశాల అధికారులూ మా ఒడ్డునే కలిసి ఒక్కసారి చూస్తారన్నారు. ఆ మాట నమ్మి లారీ సరుకంతా అవతలి ఒడ్డు బేరగాడికి ఇస్తానని ఒప్పుకున్నాను. మధ్యాహ్నం దాటితే తీసుకోనన్నాడు.

లారీ క్షేమంగా చేరాలని ముందురోజు మా ఊరి పెద్దలు నా మణికట్టుకు తెల్లదారాలు కట్టారు. వెంటనే విప్పితే అదృష్టం పోతుందంటారు.

తొలిరోజు నాదే తొలి బండి. మా అధికారి బున్‌లాయ్, థాయ్ అధికారి ప్రసెర్త్ ఇస్త్రీ బట్టల్లో లారీ వెనక నిలబడ్డారు.

"బండి మీ దేశానిది. మీరు తెరవండి," అన్నాడు ప్రసెర్త్.

"అయ్యో, సరుకు వెళ్లేది మీ దేశానికి కదా. ముందు మీరే," అన్నాడు బున్‌లాయ్.

చేతులు జోడించుకున్నారు. మళ్లీ జోడించుకున్నారు. ఎండ నెత్తికెక్కింది. లోపల క్యాబేజీ ఉడుకుతోంది, బయట నేను ఉడుకుతున్నాను.

"ఎవరు పెద్దయితే వాళ్లు తెరవండయ్యా!" అని అరిచాను. రెండు ఒడ్డుల్లోనూ ఇలాంటివి తేలేది వయసుతోనే. పుట్టిన ఏడాదిని జంతువు పేరుతో చెప్పుకుంటాం.

"నాది కోతి సంవత్సరం," అన్నాడు ప్రసెర్త్.

బున్‌లాయ్ మొహం వేలాడేశాడు. "నాదీ కోతే, పెద్దమ్మా."

"పుట్టేటప్పుడు కూడా నువ్వు ముందంటే నువ్వు ముందనుకున్నార్రా?"

ఒకే ఏడు పుట్టినవాళ్లకు దారం కట్టి 'సియావ్'లుగా చేస్తాం. సియావ్ అంటే ప్రాణస్నేహితుడు. వాళ్ల మధ్య మర్యాదలుండవు, ఒకరి తల్లి ఇద్దరికీ తల్లే. దారానికి ఎక్కడికి పరిగెత్తను? నా చేతివే విప్పాను. అదృష్టం పోతే పోనీ అనుకున్నాను. విప్పి ఇద్దరికీ చెరొకటి కట్టేశాను.

"ఇంకా చూస్తావేంట్రా, తలుపు లాగు!" అన్నాడు బున్‌లాయ్.

"నువ్వు లాగరా ముందు!" అన్నాడు ప్రసెర్త్. ఇద్దరూ కలిసి లాగారు.

బేరగాడు కొట్టు తలుపు మూయబోతుండగా చేరాం. సణుక్కుంటూనే అంతా తీసుకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చి వంతెన దిగేసరికి ఇద్దరూ నాకోసం కాచుకుని ఉన్నారు. "అమ్మ చెయ్యి బోసిగా ఉండకూడదు," అన్నాడు ప్రసెర్త్. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని కొత్త దారాలు కట్టారు. ముందు ఎవరు కట్టాలని ఈసారి ఎవడూ అడగలేదు.