అటు తిరిగిన కాకి

నేను ఒక కాకిని. ఎగరలేను, అరవలేను. అరచేతిలో ఇమిడే టేకు చెక్క మీద చెక్కిన కాకిని. రంగులో ముంచి బట్ట మీద అద్దితే నా బొమ్మ పడుతుంది. మా పెడనలో నాలాంటి వాటిని అచ్చులంటారు. నా తోటి అచ్చులన్నీ నెమళ్ళూ, హంసలూ, తామరపూలూ. వాటి మధ్య నేను పేరంటానికి పిలవకుండా వచ్చినదానిలా ఉండేదాన్ని.

నన్ను చెక్కింది వకుళ. పాండురంగారావు గారి అద్దకం కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని చీరల మీదికి బొమ్మలు గీయడం. గీయడమంటే, ఆయన బజారులో ఒక చీర కొనుక్కొచ్చి, "ఇది బాగా పోతోందటమ్మా, ఇలాంటిదే వెయ్యి" అనేవారు. వకుళ ఇలాంటిదే వేసేది. అది చూసి పక్క కార్ఖానావాళ్ళూ ఇలాంటిదే వేసేవారు. ఆ చీర నచ్చి ఆయనే మళ్ళీ కొనుక్కొచ్చేవారు.

"ఇది మనదేనండీ" అనేది వకుళ.

"మరీ మంచిది. తొందరగా అయిపోతుంది" అనేవారాయన.

ఒకసారి ఓ పెళ్ళిలో ఎదురుగా కూర్చున్నావిడ చీరకేసి వకుళ చాలాసేపు చూసింది. ఆ నెమలి తను గీసిందో, పక్కవాళ్ళు గీసిందో ఎంతకీ తేల్చుకోలేకపోయింది. ఆవేళ భోజనంలో బూరెలు కూడా వద్దంది. ఎక్కడున్నా ఇది నాదని తను గుర్తుపట్టగలిగే బొమ్మ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వెయ్యాలనుకుంది.

మర్నాడు పెరట్లో దొండపాదు మీద కాకి వాలి, ఎర్రగా పండిన పండును ముక్కున కరుచుకుంది. వకుళ అత్తగారు శేషమ్మ అరుగు మీద నుంచి చూసి, "కాకి ముక్కుకు దొండపండు. మీ పెళ్ళప్పుడు ఊరంతా ఇదే మాట అంది" అంది.

"మా ఇద్దరిలో కాకి ఎవరత్తయ్యా?"

"అది మాత్రం ఎవరూ చెప్పలేదు."

వకుళ నవ్వి, అటక మీద నుంచి తండ్రి ఉలులు దించింది. ఆయన అచ్చులు చెక్కేవాడు. అలా దొండపండుతో సహా నేను పుట్టాను. పుట్టుకలోనే ఒక పొరపాటు జరిగింది. మా కార్ఖానాలో పక్షులన్నీ కుడివైపు చూస్తాయి. బట్ట మీద కుడివైపు చూడాలంటే చెక్క మీద ఎడమవైపు చెక్కాలి. ఇన్నేళ్ళూ వకుళ కాగితం మీద గీసి ఇచ్చేది, తిప్పి చెక్కేది పనివాళ్ళు. ఆమె కాగితం మీద గీసినట్టే చెక్క మీదా చెక్కేసింది. బట్ట మీద నేను ఎడమవైపు తిరిగాను.

పాండురంగారావు గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కాకేమిటమ్మా? శుభమా అని చీర కట్టుకునేవాళ్ళకి. ముక్కు కాస్త వంచి ఆకుపచ్చ అద్దితే చిలకైపోతుందిగా" అంటూ ఆకురాయి అందుకున్నారు. నా ప్రాణం ముక్కులోకి వచ్చింది.

"చిలకల చీరే ఇస్తానండీ. కొంగు మూల ఈ ఒక్కదాన్నీ ఉండనివ్వండి" అంది వకుళ.

"ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

"దిష్టికని చెప్పండి."

దిష్టి అనేసరికి ఆయన మెత్తబడ్డారు. ఆకురాయి కింద పెట్టారు.

అలా నలభై చిలకలు కుడివైపు చూస్తుంటే, ఒక మూల నేను వాటికి వీపు చూపిస్తూ నిలబడ్డాను. ఎవరు వేశారని అడిగినవాళ్ళకి ఆయన "మా వకుళ పిచ్చిలెండి" అనేవారు. కొన్నాళ్ళకి ఆడవాళ్ళు చీర విప్పగానే ముందు కొంగు మూల వెతకడం మొదలుపెట్టారు. పక్క కార్ఖానావాళ్ళూ కాకి వేశారు. పనితనం తెలిసినవాళ్ళు కదా, నేను అటు తిరగడం తప్పని గ్రహించి, మర్యాదగా చిలకల వైపు తిప్పి సరిదిద్దారు.

ఒకరోజు బందరు నుంచి ఒకావిడ వచ్చి ఆ చీరొకటి పాండురంగారావు గారి ముందు పరిచింది.

"వకుళ కాకి అని చెప్పి వేరేచోట ఇది అంటగట్టారండీ. చూడగానే తెలిసిపోయింది."

"ఎలా తెలిసిందమ్మా?"

"వకుళ కాకి చిలకలతో మాట్లాడదండీ."

లోపల రంగు కలుపుతున్న వకుళ చెయ్యి ఆగింది. ఎన్నడూ చూడని మనిషి నోట తన పేరు. ఆ నీలిచేతులతోనే గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఇదంతా ముందే ఆలోచించి చేశావా అమ్మా?" అన్నారు పాండురంగారావు గారు.

"అవునండీ" అంది వకుళ, నావైపు చూడకుండా.

ఏళ్ళు గడిచాయి. నా అంచులు అరిగి, దొండపండు వంకాయలా పడసాగింది. నా స్థానంలోకి ఇంకో కాకిని చెక్కాల్సి వచ్చింది. ఈపాటికి వకుళకి చెయ్యి తిరిగింది. అదే వచ్చిన చిక్కు. మూడుసార్లు చెక్కితే మూడుసార్లూ కాకి సరిగ్గానే వచ్చింది.

"ఆ రోజు తెలియక చేసింది ఇప్పుడు తెలిసి చెయ్యలేకపోతున్నావా?" అంది శేషమ్మ.

నాలుగోసారికి తప్పు కుదిరింది.

నేనిప్పుడు వంటింట్లో పాలగిన్నె మూత మీద బరువుగా కూర్చున్నాను. పిల్లి వస్తుంది, చుట్టూ తిరుగుతుంది, నన్ను పలకరించాలని చూస్తుంది. నేను దానితో కూడా మాట్లాడను.